సున్న దాటని ఆయిల్ మీటర్

నిజామాబాద్ జిల్లా ప్రజలందరికి తెలియజేయునది ఏమనగా, ఈ రోజు నా కారుకు ఆయిల్ ప్రెషర్ మీటర్ పెట్టించిన. బోధన్‌కు కిరాయిలు కొట్టి నా ఇల్లు నడిపే బండి అది. ఇంజన్‌ల టకటక మొదలైందని కంఠేశ్వర్‌ల మెకానిక్ సలీం దగ్గరికి తీస్కపోయిన. మీటర్ పెట్టి స్టార్ట్ చేస్తే ముల్లు సున్న మీదనే పండుకున్నది.

"నీ మీటరే ఖరాబున్నది, ఇంకోటి పెట్టు" అని దబాయించిన. ఇంకోటి పెట్టిండు. అది గూడ లేవలేదు.

"ఎన్ని మార్చినా గంతే అన్నా. పైకి ఆయిల్ ఎక్కుతలేదు. ఇంజన్ ఖతం" అని నవ్విండు.

"పీనుగ ముందట ఇకిలిస్తవేందిరా?" అన్న నేను.

పాత ఇంజన్ ఎవలతాన ఉన్నా చెప్పుండ్రి, నేను పైసలు పెట్టి కొన్న ఈ రెండు మీటర్లు ఉత్తగనే ఇస్త.

సలీం నవ్విండన్నది మాత్రం నేను కల్పించిన. నా మొఖం సూసి, బండి బంద్ చేసి, చాబీ నా చేతుల పెట్టిండు.