బాపు ఏరిన ఓడ కట్టె

మా చిన్నప్పుడు గోదావరిఖనిలో సముద్రం ఉండేది... నవ్వకండి, నిజంగానే ఉండేది! బొగ్గు బాయిలో ఊరే నీళ్లను మోటార్లతో తోడి బయటికి వదిలితే, అవి మా క్వార్టర్ల వెనక కాలువై పారేవి. మా లైన్ పిల్లలకు అదే సముద్రం. ఆదివారం వచ్చిందంటే తెరచాప ఓడల పందెం...

ఓడంటే ఎవరికి దొరికిన సామాను వాళ్లది. పక్కింటి సుజాతది టీవీ డబ్బాలో వచ్చిన థర్మాకోల్. ఇంకొకరిది తెగిన హవాయి చెప్పు. తెరచాపకు పెళ్లి కార్డు, దాన్ని నిలబెట్టడానికి చీపురు పుల్లలు. నాదేమో అట్టముక్క... సగం దూరం పోకముందే నాని ముద్దయ్యేది.

ఆ ఏడు మా ఇల్లు ఇల్లులా లేదు. మా బాపు, అంటే నాన్న, టింబర్‌మన్... అంటే బాయిలో పైకప్పు కూలకుండా కట్టె దుంగలు నిలబెట్టే పని. ఆ పనిలోనే బండ జారి కుడి పాదం మీద పడింది. దవాఖాన నుంచి మనిషైతే వచ్చాడు గానీ, మాట రాలేదు. షిఫ్టు సైరన్ మోగితే చాలు, మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవాడు.

మా అమ్మను మేం అవ్వ అనే పిలుస్తాం. అవ్వ మాత్రం మంచం కింద ఉన్న ఆయన డ్యూటీ బూట్లను రోజూ తుడిచి నూనె రాసేది. మళ్లీ తొడుక్కుంటాడని ఆమె ఆశ. మేం వాటిని ముట్టుకుంటే వీపు విమానం మోతే!

ఒకరోజు ఆ మంచం పక్కనే కూర్చుని, ఎక్కడో ఏరుకొచ్చిన బూరుగు కట్టె ముక్కను చాకుతో చెక్కుతున్నాను. వెనక నుంచి మాట వినిపించింది.

"ఏం కట్టె గది?"

నా చేయి ఆగిపోయింది. ఎన్నాళ్లకు విన్నానో ఆ గొంతు!

"బూరుగు, బాపూ... ఓడ చేస్తున్న."

"ఇటియ్యి" అని తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుని వేలి కణుపుతో తట్టాడు. మొహం చిట్లించాడు. "దీంట్ల దమ్ము లేదు బిడ్డా. ఆగది. పొయ్యికాడి కట్టెలు తీస్కరాపో."

ఉన్న కట్టెలన్నీ తెచ్చి పోశాను. ఒక్కొక్కటీ తట్టి, విని, పక్కన పెట్టాడు. ఆఖరికి సండ్ర కట్టె ముక్క ఒకటి చేతికొచ్చేసరికి మొహం విప్పారింది. "గిదీ కట్టెంటే! ఎంత బరువన్న మోస్తది."

చెక్కుతున్నంతసేపూ మాట్లాడుతూనే ఉన్నాడు... ఏ కట్టె విరిగేముందు కిర్రుమని చెబుతుందో, ఏది చెప్పకుండా విరుగుతుందో. అవ్వ పొయ్యి మీద కూర మాడుతున్నా గుమ్మంలో నిలబడి వింది.

ఆదివారం ఆ ఓడను కాలువలో వదిలాను. వదలడమే ఆలస్యం... బుడుంగున మునిగింది! పిల్లలు పడీపడీ నవ్వారు. నా బాధ ఆ నవ్వుల గురించి కాదు. ఇంటికెళ్లి ఏం చెప్పాలి? ఆయన ఏరిన కట్టె పనికిరాలేదంటే, బాపు మళ్లీ గోడవైపు తిరిగితే?

తడి గౌనుతో, ఓడను వెనక దాచుకుని గుమ్మంలో నిలబడ్డాను. ఏడుపు ఆగలేదు.

"మునిగిందా?" అన్నాడు బాపు. తలూపాను. ఓడను చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. నేను గోడవంకే చూస్తున్నాను, భయంతో... ఉన్నట్టుండి నవ్వాడు. మంచం కిర్రుకిర్రుమనేలా నవ్వాడు!

"ఎంత పిచ్చోన్నే! ఇన్నేండ్లు నెత్తిమీద బరువు మోసే కట్టెనే ఏరిన. దీని నెత్తిమీద బరువేడుంది? ఉత్త ఆకాశమేనాయె! నీ బూరుగే మంచిగుండె... తే ఇటు."

ఈసారి బూరుగు ఓడ తయారైంది. పైన కొవ్వొత్తి మైనం రుద్దాడు. తెరచాప నిలబెట్టడానికి కంది కట్టె. తెరచాపకేమో చిరిగిన గొడుగు బట్ట... నీళ్లు పీల్చదు కదా. బకెట్లో వేస్తే తేలింది గానీ, ఉఫ్‌మని ఊదితే పక్కకు ఒరిగి పడిపోయింది.

"కింద బరువుండాలె" అని ఇల్లంతా చూశాడు. చూపు మంచం కింద ఆగింది... "నా కుడి బూటు తియ్యి."

"గది వద్దు! మళ్ల డ్యూటీకి పోయేటప్పుడు..." అంటూనే అవ్వ ఆగిపోయింది.

"ఇగ ఈ కాలు బాయి దిగదే. నీకు తెల్సు, నాకు తెల్సు. ఇనుమన్న పనికొస్తది గదా."

అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది. బూటు తనే తీసిచ్చింది. సుత్తె కూడా తనే తెచ్చింది. బూటు ముందు భాగంలో వేళ్లకు దెబ్బ తగలకుండా ఇనప తొడుగు ఉంటుంది. దాన్ని ఊడదీసి, సాపు చేసి, ఓడ అడుగున మేకులతో బిగించాడు బాపు.

మరుసటి ఆదివారం చేతికర్ర పట్టుకుని, అవ్వ భుజం మీద చెయ్యేసి కాలువ దాకా వచ్చాడు. దెబ్బ తగిలాక ఆయన గడప దాటడం అదే మొదలు. గాలికి ఓడ వంగింది... మళ్లీ తనే లేచి నిలబడింది. మా అందరికంటే పెద్దగా అరిచింది బాపే! గెలిచిందా అంటారా... సుజాత థర్మాకోలే ముందు పోయింది. మాకెక్కడ పట్టింది!

ఆ తర్వాత లైన్ పిల్లలంతా వాళ్ల నాయనల పాత బూట్లు పట్టుకుని మా ఇంటి ముందు నిలబడేవాళ్లు. మాట లేని ఇంట్లో పొద్దంతా సుత్తె చప్పుడు, కబుర్లు...

ఇప్పుడు ఆ కాలువలో నీళ్లు లేవు. మా లైన్‌లో సగం ఇళ్లకు తాళాలు. బాపూ లేడు. మొన్న మా అమ్మాయికి ఓడ చేసుకునే పెట్టె ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించాను. అన్నీ కోసి, నంబర్లు వేసి పంపించారు... ఏరుకునే పనే లేదు. అయినా ఒక ముక్క తీసి చెవి దగ్గర తట్టాను. అమ్మాయి వింతగా చూసింది.

బూరుగు ఓడ మాత్రం మా టీవీ పక్కనే ఉంది. అడుగున బూటు ఇనుము తుప్పు పట్టకుండా అప్పుడప్పుడు నూనె రాస్తుంటాను... అవ్వలాగే.

మీ చిన్ననాటి ఓడ దేనితో చేసింది? ఎవరు చేసిచ్చారు? చెప్పండి... వింటాను.