మా బావ చేతుల నుంచి ఏదీ జారలేదు

మా బావ పోయాడని టెలిగ్రాం వచ్చింది. అది ఇంగ్లీషులో ఉంది. నేను చదివింది నాలుగో తరగతి, అదీ ఉర్దూలో. తెలుగు అక్షరాలు తర్వాత ఎప్పుడో కూడబలుక్కున్నాను. నకిరేకల్ పోస్టాఫీసులో బాబు ఆ కాగితం పట్టుకుని కళ్లద్దాలు తుడుచుకుంటూ నసుగుతుంటే, "ఏంది సారూ, ఈ వయసుల నాకు మల్ల పెండ్లి కుదిరిందా, గంత సిగ్గుపడుతున్నవు?" అన్నాను. ఆయన నవ్వలేదు.

"మీ బావ పోయిండంట. పాలమూరు దవాఖానల" అని కాగితం నా చేతికిచ్చి తల తిప్పుకున్నాడు.

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఇప్పటికీ అదే ఉంది. కన్నీళ్ల కోసం చూసేవాళ్లు ఇంకో పేజీ తిప్పుకోండి.

పాలమూరులో మా అక్క వాళ్ల వాడకట్టులో మా బావను ఎవరు తలచుకున్నా "జారుచేతుల ఫొటోఆయన" అంటారు. ఆ పేరు పెట్టింది నేను. ఆ పేరు అబద్ధం. మనిషి పోయాక కూడా ఆయన మీద అదే పేరు ఉండొద్దని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

బావది మాలాగే మగ్గం ఇల్లు. మగ్గం మీద కూర్చోవాల్సిన వయసులో సికింద్రాబాద్ పోయి ఒక ఉస్తాద్ దగ్గర ఫొటో పని నేర్చుకున్నాడు. అక్కడి మిలిటరీ ఛావునీలో తెల్లదొరలు గోల్ఫ్ ఆడేవారు. దొరలు పోయినా ఆట పోలేదు. మన మిలిటరీ అఫ్సర్లు, రాజాలు, కంపెనీల పెద్దలు ఆ కర్రలు అందుకున్నారు. వాళ్లు ఆడుతుంటే ఫొటోలు తీయడం బావ పని. ఆట ఎక్కడుంటే అక్కడికి రైలెక్కేవాడు. బెంగుళూరు, ఊటీ, కలకత్తా. మెడలో రెండు కళ్ల కెమెరా, చేతిలో రేకు పెట్టె.

ఆ ఆట గురించి మొదటిసారి చెప్పినప్పుడు నేను నమ్మలేదు.

"చిన్న తెల్ల బంతి ఉంటది. కర్రతోని కొడితే మస్తు దూరం పోతది. దాని ఎనక నడుసుకుంట పోయి బొక్కల ఏయాలె" అన్నాడు బావ.

"మేం కర్రలతోని చిర్రగోనె ఆడితే మా బాపు ఈపు పగలగొట్టిండు. గా దొరలకు బాపులు లేరా బావా?"

"ఉన్నరు. వాళ్లు గుడ ఆడుతరు."

ఒకసారి నన్ను వెంట తీసుకుపోయాడు. అక్కడి కట్టుబాటు ఏమిటంటే, ఆడేవాడు కర్ర ఎత్తాక ఎవరూ దగ్గకూడదు, కదలకూడదు. కెమెరా టిక్కుమన్నా తప్పే. కర్ర బంతికి తగిలాకే మీట నొక్కాలి. "కొట్టినంకనే నొక్కాలె బామ్మర్ది. జర ముందు నొక్కితే రేపటి సంది గేటు కాడనే ఆపుతరు" అని బావ చెవిలో చెప్పాడు. ఒక లావుపాటి అఫ్సర్ చాలాసేపు నడుము ఊపి, ఊపి, చివరికి కర్ర విసిరితే గడ్డి ఎగిరిపోయింది గాని బంతి అక్కడే కూర్చుంది. నేను నవ్వబోయాను. బావ బూటుకాలితో నా పాదం తొక్కాడు. కాలు అంత గట్టిగా తొక్కినా పైన చేతులు వెంట్రుకంత కదల్లేదు. అంచుదాకా నింపిన గిన్నె పట్టుకున్నట్టు పట్టుకున్నాడు కెమెరాను.

కొట్టినంకనే నొక్కే అలవాటు ఇంటికి కూడా తెచ్చాడు. ఏదైనా అయిపోయాకే వచ్చేవాడు. బిడ్డ పుట్టిన ఇరవై రోజులకు వచ్చాడు. వాళ్ల నాయన దినాలకు వచ్చాడు గాని ప్రాణం పోయేటప్పుడు లేడు. మా అక్క మగ్గం గుంటలో కాళ్లు పెట్టి ఒక్కతే సంసారం నేసింది. నేను ఎన్నిసార్లు తిట్టానో. ఇంట్లో ఉన్న నాలుగు రోజులు మాత్రం అక్క పక్కన కూర్చుని నూలు కండెలు చుట్టేవాడు. ఒక్క పోగు తెగేది కాదు. "మీ బావ చేతి ఏళ్లకు కండ్లున్నయిరా" అనేది అక్క. ఊటీ నుంచి నీలగిరి తైలం సీసాలు తెచ్చి ఇంటింటికీ ఒకటి పంచేవాడు. అన్ని రైళ్లు, బస్సులు మారి వచ్చినా ఒక్క సీసాకు పగులు ఉండేది కాదు. ఆ చేతులు అలాంటివి.

మేనకోడలి పెళ్లి కుదిరింది. లగ్గానికి రెండు రోజుల ముందే వస్తానని చెప్పి బావ ఊటీ పోయాడు. రాలేదు. లగ్గం నాటి పొద్దున కూడా రాలేదు. పిల్ల పసుపు చీరలో కూర్చుని వాకిలి వైపే చూస్తోంది. "నాయిన వచ్చి కాళ్లు కడిగితేనే తాళి కట్టించుకుంట" అంది. అయ్యగారు గడియారం చూసుకుంటున్నాడు. మగపెళ్లివారిలో ఒక ముసలాయన, "పిల్ల తండ్రి బంతి దొరకక పొదలల్ల ఎతుకుతున్నడేమో" అన్నాడు. అది నేను అనాల్సిన మాట. వాడు అన్నందుకు ఒళ్లు మండింది. బావకు అన్నదమ్ములు లేరు. చివరికి నేను, మా ఇంటామె పీటల మీద కూర్చుని అల్లుడి కాళ్లు కడిగాం. పిల్ల ఏడుస్తూనే తల వంచింది.

రెండో వరస భోజనాలప్పుడు బావ వచ్చాడు. ముందు వాకిలి నుంచి రావడానికి ముఖం చెల్లక వెనక దర్వాజ నుంచి మగ్గం గదిలోకి వచ్చాడు. నేను విస్తరాకుల కోసం అక్కడికి పోయాను. బూట్లకు ఎర్రమన్ను, మెడలో కెమెరా.

"అయిపోయిందా?" అన్నాడు.

"అయిపోయింది. కాళ్లు మేమే కడిగినం. నువ్వు యాడ సచ్చినవు?"

"మంచు దిగి ఒకరోజు ఆట ఆపిండ్రు. ఆఖరి దెబ్బ చూడకుంట ఎట్ల వస్త బామ్మర్ది?" అని, కొంచెం ఆగి, "పిల్లను, అల్లుణ్ని జర మల్ల కూసోబెట్టు. నువ్వు, చెల్లె కాళ్లు కడుగుతున్నట్టు కూసోండ్రి. ఒక ఫొటో తీస్త" అన్నాడు.

ఆ మాటకు నాకు కళ్లు కనిపించలేదు. ఆయన మెడలో నుంచి కెమెరా గుంజి విసిరికొట్టాను. మగ్గం గుంట అంచు బండకు తగిలి లోపల పడింది. దాని రెండు కళ్లూ పగిలాయి. బావ నా మీద చేయి ఎత్తలేదు. గుంటలోకి దిగి, గాజు ముక్కలు ఒక్కొక్కటే ఏరి తువ్వాలలో వేసుకుంటున్నాడు. చప్పుడుకు అక్క వచ్చింది. "ఏమైంది?" అంది.

నేను నోరు తెరిచేలోపే బావ అన్నాడు. "గుంట దాటంగ చేతుల నుంచి జారింది."

అక్క నెత్తి కొట్టుకుంటూ పోయాక నాతో మెల్లగా చెప్పాడు. "పెండ్లిల లొల్లి ఒద్దు. నేను చేయాల్సిన పని నువ్వు చేసినవు. ఇయ్యాల మేనమామ మీద మాట రావద్దు."

ఆ కెమెరా మళ్లీ బాగుకాలేదు. కొత్తది కొనే స్తోమత లేదు. గోల్ఫ్ ఆటలకు పోవడం అంతటితో ఆగింది. పాలమూరులోనే ఒక స్టూడియోలో కూర్చుని పరీక్ష ఫారాలకు, నౌకరీ దరఖాస్తులకు ముఖాలు తీశాడు. పొద్దునా సాయంత్రం ఇంట్లోనే ఉన్నాడు. అక్కకు లోపల సంతోషమే గాని నోరు ఊరుకోదు. "దేశమంత తిరిగినా పదిలంగ పట్టుకున్నడు, పిల్ల పెండ్లినాడే జారేసుకున్నడు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేది.

అప్పుడు నేనేం చేశాను? నేనూ కలిశాను. బావ చాయ్ అందుకోబోతుంటే, "ఆగక్కా, బావకు ఇత్తడి గ్లాసల పొయ్యి. గాజుది జారిపోతది" అన్నాను. అందరూ నవ్వారు. బావ కూడా నవ్వాడు. ఆ మాట వాడకట్టంతా పాకింది. ఎవరింటికి పోయినా అందరికీ గాజు గ్లాసుల్లో చాయ్, బావకు ఇత్తడి గ్లాసు. కండెల బుట్ట పక్కింటికి ఇచ్చి రమ్మని కూడా ఎవరూ ఆయన చేతికి ఇచ్చేవారు కాదు. పదమూడేళ్లు ఇట్లాగే నడిచింది.

ఒకనాడు ఇద్దరమే ఉన్నప్పుడు అడిగాను.

"బావా, నన్ను ఒక్క తిట్టు తిట్టరాదు?"

"ఎందుకు?"

"కడుపుల మంట సల్లారుతది."

"ఎవరిది?" అన్నాడు. తర్వాత తల వంచుకుని చాయ్ తాగాడు, ఇత్తడి గ్లాసులో.

నా కోపం అదే. ఊటీలో ఆగిపోయినందుకు నేను ఆయనను ఇప్పటికీ క్షమించలేదు. కాని ఆయన దాచిపెట్టిన మాట వల్లే మేనకోడలు ప్రతి పండుగకూ ముందు నా కాళ్లకు మొక్కుతోంది. ఆ మొక్కు తీసుకున్న ప్రతిసారీ బావ మా వైపు చూస్తూ కూర్చునేవాడు. ఒక్క చెంపదెబ్బ కొట్టి పోతే ఈపాటికి నేను హాయిగా ఏడ్చేవాణ్ని.

బస్సులు మారి పాలమూరు చేరేసరికి దహనం అయిపోయింది. తొమ్మిదో రోజున పరామర్శకు వచ్చిన ఒకామె, "దేవుడసుంటి మనిషి. చేతులే జర జారుడు" అంది. అక్క కళ్లు తుడుచుకుంటూ తలూపింది. ఆమె పోయాక నేను ఇక ఆగలేకపోయాను.

"అక్కా, కెమెరా బావ పడెయ్యలె. నేను కొట్టిన. గా మగ్గం గుంటకేసి కొట్టిన."

"ఎన్నడు?"

"పెండ్లినాడు. నువ్వు వచ్చేటాల్లకు బావ ముక్కలు ఏరుతుండె."

అక్క కళ్లు తుడుచుకోవడం ఆపింది. "పదమూడేండ్ల సంది ఆయనను అన్న మాటలు ఇప్పుడు యాడ పెట్టుకోవాలెరా?" అంది.

ఏదో ఒకటి అని నవ్వించడం నాకు అలవాటు. ఈసారి ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాను. "నన్ను కొట్టక్కా" అన్నాను.

"నిన్ను కొడితే ఆయనకేమొస్తది? లే."

లేచి వాకిలి వైపు నడిచింది. లోపలి నుంచి పెద్దామె ఒకరు, "పదకొండో దినం గాలే, గడప దాటొద్దు బిడ్డా" అని అడ్డం వచ్చింది.

"ఆయన చెడ్డపేరు గడప దాటి వాడకట్టంత తిరిగింది. నేను దాటితే ఏమైతది?" అని అక్క బయట అడుగుపెట్టింది.

పక్కింటి ముందు నిలబడి పిలిచింది. "ఓ వదినె, జర మగ్గం ఆపి బయటికి రా. నా పెనిమిటి చేతులు ఎన్నడూ జారలే. చెప్పురా తమ్మీ." నేను చెప్పాను. రెండో ఇంటి ముందు చెప్పాను. మూడో ఇంటి ముందు మాట పెగలకపోతే, పెగిలేదాకా నా పక్కన నిలబడింది. మేం ఆగిన ఇంట్లో మగ్గం చప్పుడు ఆగేది. మేం కదిలాక కూడా వాళ్లు మగ్గం దగ్గరికి పోకుండా దర్వాజాలోనే నిలబడి చూసేవారు. ఏడో ఇల్లు దాటేసరికి మిట్టమధ్యాహ్నం ఆ వాడకట్టు సగం నిశ్శబ్దమైపోయింది. అక్క నా వైపు తిరగలేదు. కాలుతున్న బండల మీద ఒట్టి కాళ్లతో నాకు నాలుగడుగుల ముందు నడుస్తూ పోయి, ఎనిమిదో దర్వాజ గొళ్లెం కొట్టింది.