ముత్యం చెప్పిన తోడేలు పిల్లగాడు

సూరత్‌లో ఖటోదరా అనే పేటలోని మరమగ్గాల కారఖానాలో ముత్యం ముప్పయ్యేళ్లకు పైగా పనిచేస్తున్నాడు. మగ్గాలు ఆడుతున్నంతసేపూ అక్కడ ఎవరి మాటా ఎవరికీ వినబడదు. అందుకే అన్నం వేళ అవి ఆగగానే అందరూ అతని చుట్టూ చేరి కథ చెప్పమంటారు. అతనికి వచ్చింది ఒకటే కథ. సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చిన కొత్తలో ఒక వీడియో పార్లర్‌లో చూసిన ఇంగ్లిష్ సినిమా: బడికి పోయే పిల్లవాడు ఒకరోజు తోడేలైపోతాడు. అది నవ్వుల సినిమా. అయినా ముత్యం చెబుతుంటే వినేవాళ్లు కళ్లు తుడుచుకుంటారు. వంటినిండా వెంట్రుకలు మొలిచిన మనవడికి చిక్కులు తీస్తూ నాయనమ్మ ఏడ్చే ఘట్టం రాగానే, పక్క మగ్గం సోమలింగం ప్రతిసారీ అన్నం గిన్నె పక్కన పెట్టేస్తాడు.

ఆ సోమలింగమే ఒకనాడు అడిగాడు. "ముత్యమన్నా, ఇప్పుడు అన్ని పిక్చర్లు ఫోన్ల దొరుకుతున్నయట గద. గదొక్కపారి మాకు సూపియ్యరాదు?"

ముత్యం ఆ పని కూతురు సింధూజకు అప్పగించాడు. కాలేజీలో కంప్యూటర్ చదువుతున్న పిల్ల, చిటికెలో అయిపోతుందనుకుంది. తోడేలు, స్కూలు, కామెడీ అని కొట్టగానే సినిమా పేరు దొరికింది. సినిమా దొరకలేదు. ఇంట్లో ఉన్న యాప్‌లో అదే పేరుతో ఏదో సీరియల్ వచ్చింది. రెండోది ఈ దేశంలో చూపించబోమంది. మూడోది నెల ఉచితమని పిలిచి, కార్డు నంబరు తీసుకున్నాక, ఆ సినిమాను నిన్ననే తీసేశామంది. వారం తర్వాత నాలుగోచోట అద్దెకు దొరికింది.

"బాపూ, మిల్ గయా!" అని అరిచింది సింధూజ.

సెలవునాడు పొద్దున్నే కోసాడ్ కాలనీలో ముత్యం ఇల్లు జనంతో నిండిపోయింది. భార్య సమ్మక్క అందరికీ చాయ్ పోసింది. సినిమా మొదలైంది. పిల్లవాడు తోడేలయ్యాడు. ఎవరూ పెద్దగా భయపడలేదు. వాడు కాసేపు గంతులేశాడు. గంటన్నరకు సినిమా అయిపోయి పేర్లు పడ్డాయి.

"నాయనమ్మ ఏది, ముత్యమన్నా?" అన్నాడు సోమలింగం.

 ముత్యం ఎన్నడూ అబద్ధం చెప్పలేదు. ఆ రోజుల్లో ఇంగ్లిష్ ఒక్క ముక్క రాదు. అర్థం కాని మాటల సందుల్లోకి, ఊళ్లో వదిలివచ్చిన తన నాయనమ్మ ఎప్పుడొచ్చి కూర్చుందో అతనికే తెలియదు.

సోమలింగమే తేల్చేశాడు. "కట్ జేసిండ్రు. అద్దెకిచ్చెటోళ్లు పూర పిక్చర్ ఎందుకిస్తరు? కంప్లైంట్ పెట్టు బిడ్డా!"

అందరూ పట్టుబట్టారు. సింధూజ నవ్వు ఆపుకుంటూ, నాయనమ్మ సీను లేదని రాసి పంపింది. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం, పరిశీలిస్తాం అని కంపెనీ నుంచి వెంటనే జవాబొచ్చింది. తప్పు ఒప్పుకున్నారని సంతోషపడి అందరూ ఇళ్లకు పోయారు.

మధ్యాహ్నం ముత్యం సినిమా మళ్లీ పెట్టించి, కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. తెరమీద తోడేలు పిల్లవాడు కిటికీ దగ్గర నిలబడి దిగులుగా ఏదో అన్నాడు.

"ఏమంటుండు బిడ్డా?"

"ఆకలైతుందంటుండు బాపూ."

"గంతేనా?"

"గంతే."



"పాపం, కథ రాసెటోనికి సరిగ రానట్టున్నది," అన్నాడు ముత్యం.