సెంటర్‌ఫీల్డ్ కంచె వెనక లెరాయ్

లెరాయ్ డ్రైలింగ్ నోరు మా ఊళ్ళో అందరికీ తెలుసు. అతను తను పనిచేసే గోధుమ గోదాము మీద నుంచి కేకేస్తే, మా కాన్సస్ గాలి ఎదురు కొట్టినా, రైలు పట్టాల అవతల పోస్టాఫీసులో వినపడేది. భార్య పోయాక ఆ నోటికి ఇంట్లో పని తగ్గింది. మొత్తం తీసుకొచ్చి బేస్‌బాల్ అంపైర్ల మీద పెట్టాడు.

కొడుకు నీల్ పదో తరగతిలో ఉండగా వాడి ఆట చూసి స్కాలర్‌షిప్ ఇవ్వచ్చో లేదో తేల్చుకోడానికి ఒక కాలేజీ కోచ్ వచ్చాడు. మూడో ఇన్నింగ్స్‌లో లెరాయ్ బెంచీ ఎక్కి, "ఒరేయ్ అంపైరూ, కళ్ళు ఇంట్లో పెట్టొచ్చావా?" అని మొదలెట్టాడు. కాలేజీ ఆయన పుస్తకం మూసి, కారెక్కి వెళ్ళిపోయాడు.

"పిల్లాడి ఆట ఒక్కటే చూస్తారనుకున్నావా?" అని మా స్కూలు కోచ్ లెరాయ్‌ని దులిపేశాడు. "స్కాలర్‌షిప్ ఇస్తే నాలుగేళ్ళు తండ్రిని కూడా భరించాలి. అందుకే ముందు తండ్రిని చూస్తారు."

తర్వాతి ఆటకి లెరాయ్ మడత కుర్చీ పట్టుకుని మైదానం అవతలి చివర సెంటర్‌ఫీల్డ్ కంచె వెనక్కి, నా పక్కకి వచ్చేశాడు. ముప్ఫై ఏళ్ళు స్కూలు వంటింట్లో వంటావిడగా చేసి, ఇప్పుడు నేనక్కడ స్కోరుబోర్డుకి అంకెల పలకలు తగిలిస్తుంటాను. జనానికి నాలుగొందల అడుగుల దూరం. నోరు జారకుండా లెరాయ్ దాన్నిండా పొద్దుతిరుగుడు గింజలు పోసుకునేవాడు. రెండేళ్ళు! నీల్ ఆడేది సెంటర్‌ఫీల్డే, అంటే మా కంచె ముందు బ్యాటర్ వైపు తిరిగి నిలబడే చోటు కాబట్టి, ఆయనకి కనపడేది కొడుకు వీపు, దాని మీద తొమ్మిదో నంబరు. వాడు వెనక్కి తిరగడు, ఈయన పిలవడు. చూస్తుంటే నాకు ఒళ్ళు మండేది. ఏం మనుషులో!

స్కూల్లో వాడి ఆఖరి ఏడాది, పన్నెండో తరగతి మే నెలలో ఇంకో కాలేజీ కోచ్ వచ్చాడు. నీల్‌కి ఇదే చివరి అవకాశం. ఇది తప్పితే వాడికీ ఆ గోదామే గతి. బంతి రాగానే ఫీల్డరు మొదటి అడుగు ఎటు వేస్తాడో వెనక నుంచి చూడాలని ఆ కోచ్ సరాసరి మా కంచె దగ్గరికే వచ్చి నిలబడ్డాడు. లెరాయ్ నమలడం మానేశాడు.

ఐదో ఇన్నింగ్స్‌లో బంతి తక్కువ ఎత్తులో దూసుకొచ్చింది. నీల్ ముందుకి దూకి, నేలకి బెత్తెడు ఎత్తున పట్టేశాడు. మేం ముగ్గురం చూశాం. అంపైర్ మాత్రం నేల తాకిందన్నాడు. లెరాయ్ మెడ నరాలు ఉబ్బాయి. రెండు చేతులా కంచె పట్టుకున్నాడు గానీ నోరు తెరవలేదు.

ఇక నా వల్ల కాలేదు. "నీ మొహం మండా! కళ్ళు దొబ్బాయా?" అని అరిచాను. నాకు కొడుకు లేడుగా, ఎవడి స్కాలర్‌షిప్ పోతుంది!

కోచ్ నవ్వాడు. లెరాయ్ వైపు తిరిగి, "మీవాడెవరైనా ఆడుతున్నాడా సార్?" అన్నాడు.

"లేడండి," అన్నాడు లెరాయ్. "ఊరికే వచ్చా."

"ఆ తొమ్మిదో నంబరు కుర్రాడికీ ఎవరూ రారట పాపం. మీ నాన్న వచ్చాడా అని ఇందాక అడిగాను. 'మా నాన్న ఆటలకి రాడండీ' అన్నాడు."

లెరాయ్ కొడుకు వీపు కేసి చూశాడు.

"మంచి కుర్రాడండీ," అన్నాడు.

స్కాలర్‌షిప్ వచ్చింది. నీల్ వెళ్ళాడు. మరుసటి ఏప్రిల్‌లో ఒక శనివారం, కాలేజీలో వాడి ఆట ఉందని ఊరంతా చెప్పుకుంటున్న రోజున, లెరాయ్ మడత కుర్చీ వేసుకుని నా పక్కనే కూర్చున్నాడు, ఎవరి పిల్లల ఆటో చూస్తూ.

"ఇంకా ఇక్కడేం చేస్తున్నావయ్యా? స్కాలర్‌షిప్ కాగితాల మీద సంతకాలైపోయాయిగా. వెళ్ళి ముందు వరసలో కూర్చుని గొంతు చించుకో!" అన్నాను.

"ఎలా వెళ్తాను ఎల్డా? నాన్న రాడని చెప్పాడుగా వాడు. ఆ కోచ్ ఆ రోజు ఈ కంచె దగ్గర నన్ను చూశాడు కూడానూ. ఇప్పుడు నేనెళ్తే మావాడు అబద్ధాలకోరని తేలదూ?"

మైదానంలో అంపైర్ ఏదో తప్పు తీర్పు ఇచ్చాడు. జనం గోల చేశారు. లెరాయ్ ఇప్పుడు అరిచినా పోయేదేం లేదు. గింజల పొట్లం నా వైపు చాపి, తనూ గుప్పెడు నోట్లో పోసుకున్నాడు.