పాత హైపోలో కడిగిన ఫోటోలు

1981 మార్చిలో నన్ను బూర్గంపాడులోని ఒక తాత్కాలిక పట్టాల ఆఫీసుకు ఫోటోగ్రాఫర్‌గా పంపారు. అడవి అంచు గూడేల్లో సాగు చేసుకుంటున్న కుటుంబాలకు భూమి కాగితాలు ఇవ్వడం ఆ ఆఫీసు పని. కాగితం మీద ఇంటి యజమాని ఫోటో ఒకటి, రిజిస్టరులో మరొకటి అంటించాలి. తీయడం, కడగడం రెండూ నా బాధ్యతే. నా విభాగంలో నేనొక్కణ్ణే ఉద్యోగిని.

డార్క్‌రూమ్‌కు ఆఫీసు వెనుక పాత గోదాము ఇచ్చారు. పక్క గదిలో నా మంచం. కాగితం మీద బొమ్మను తేల్చే డెవలపర్‌ను పొడుల నుంచి నేనే కలుపుకునేవాణ్ణి. వేడినీళ్లలో ముందు మెటాల్ వేసి, అది పూర్తిగా కరిగాకే సల్ఫైట్ వేయాలి. వరస తప్పితే మెటాల్ సరిగా కరగదు. గాలి తగిలితే డెవలపర్ టీ రంగుకు మారి పాడవుతుంది కనుక గోధుమరంగు సీసాలో మూతి దాకా నింపాలి. కొంత వాడాక మట్టం పైకి రావడానికి సీసాలో గాజు గోలీలు వేసేవాణ్ణి. అయితే ఫోటోను నిలబెట్టేది హైపో. వెలుగు తగలని వెండి ఉప్పును అది కరిగించి తీసేస్తుంది. తర్వాత హైపోను కూడా కడిగేయాలి. కాగితం దాన్ని పీల్చుకుని అంత తేలిగ్గా వదలదు. మిగిలిపోతే కొన్ని నెలలకు ఫోటో పసుపుపచ్చగా మారి చెరిగిపోతుంది.

రోజుకు ముప్పై, నలభై ముఖాలు కడిగి తీగ మీద ఆరేసేవాణ్ణి. ఐదింటికి ఆఫీసు మూశాక మర్నాడు పదింటి దాకా నాతో మాట్లాడే మనిషి ఉండేవాడు కాదు. కొన్నాళ్లకు సీసాల మీద చీటీలు రాస్తూ పైకి చదువుకోవడం అలవాటైంది.

మే నెలలో బోరు ఎండిపోయింది. రెండు రోజులకొక డ్రమ్ము నీళ్లు బండి మీద వచ్చేవి. ఖమ్మం నుంచి రావాల్సిన హైపో రాలేదు. కాగితాలు పంచే తేదీ మాత్రం ఖాయమైంది. హైపో, నీళ్లు చాలవని నేను ఎవరికీ చెప్పలేదు. శక్తి అయిపోయిన పాత హైపోతోనే నెట్టుకొచ్చాను. ఎనిమిదిసార్లు మార్చాల్సిన నీళ్లు రెండుసార్లే మార్చాను. తప్పని తెలుసు. కానీ ఆరిన ఫోటోల మీద ఒక్క మచ్చయినా కనిపించలేదు. పంచేశారు.

వానలు తగ్గుతున్న రోజుల్లో ముత్తమ్మ అనే ఆమె మణుగూరు వైపు గూడెం నుంచి వచ్చింది. భర్త పట్టా కాగితం నా ముందు పెట్టింది. ఫోటో పసుపుపచ్చగా మారి, తలపాగా అంచు తప్ప ఏమీ మిగల్లేదు.

"మా ఆయన జ్వరమొచ్చి పోయిండు. ఇప్పుడు మొకం గూడ పోయింది, సారూ" అంది.

ఎండలో పెట్టారా, తడిసిందా అని అడిగాను.

"పెట్టెల దాసిన. ఎవ్వలకు సూపియ్యలే. మొకం లేని కాయితం మా అన్నదేనని ఎట్ల నమ్మాలె అంటుండు మా మరిది. భూమి తనదంటుండు."

రిజిస్టరు తెరిచాను. మా నకలు కూడా అలాగే ఉంది. ఆ పుటలో అన్నీ అలాగే ఉన్నాయి. ఫిల్ములను మాత్రం హైపో తాజాగా ఉన్నప్పుడే కడిగాను. వెతికితే ఆయన నెగటివ్ చెక్కుచెదరకుండా దొరికింది.

కొత్త హైపో కలిపాను. ఆ నెగటివ్ నుంచి మళ్లీ ఫోటో వేసి, చూరు కింద పట్టిన వాననీళ్లతో ఎనిమిదిసార్లు కడిగాను. ఫోటో నుంచి కారే చుక్కలను పల్చటి ఊదారంగు పర్మాంగనేట్ నీళ్లలో పడనిచ్చాను. హైపో మిగిలి ఉంటే ఆ ఊదారంగు పోతుంది. పోయింది. మరో రెండుసార్లు కడిగాక నిలిచింది.

మధ్యాహ్నమంతా వరండాలో కూర్చున్న ముత్తమ్మ ఫోటోను దగ్గరగా పెట్టుకుని చూసింది.

"అవ్, గీయనే. ఇది గూడ పోతదా?" అని అడిగింది.

"పోదమ్మా. పోయినసారి తప్పు నాది. నీళ్లు లేక సరిగా కడగలేదు."

"నీళ్లకేనా?" అంది నమ్మలేనట్టు. "చెప్తే మేం తెచ్చి పోసేటోళ్లం గద, సారూ."

ఫోటోను ఆమె పట్టా మీద అంటించి అధికారి దగ్గరికి తీసుకెళ్లాను.

అధికారి కొత్త ఫోటో మీద సంతకం చేశారు. ఆ నెలలోనే భూమి ముత్తమ్మ పేరు మీదికి మారింది. మిగతా కుటుంబాల సంగతి తేల్చడానికి నేను రిపోర్టు రాయాల్సి వచ్చింది. సీనియర్ అసిస్టెంట్ కరీం గారు నా మంచి కోరే మనిషి. "ఎండకు పోయినయని రాయండి, సాబ్. మీది టెంపరరీ నౌకరీ" అన్నారు. పాత హైపో, చాలని నీళ్లు అని ఉన్నదున్నట్టు రాశాను. మెమో వచ్చింది. పర్మనెంట్ చేసే జాబితా నుంచి ఆ ఏడు నా పేరు తీసేశారు. ఆ వేసవిలో ఇచ్చిన ఫోటోలన్నీ చలికాలం లోపు మళ్లీ వేసి కడిగి, గూడెం గూడెం తిరిగి నేనే మార్చి వచ్చాను.

ఫోటో చేతికిచ్చిన రోజున కడగడంలోని లోపం కనిపించదు. అందుకే ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పర్మాంగనేట్ పరీక్ష చేయకుండా ఏ ఫోటో బయటకు పంపలేదు. నీళ్లు చాలనప్పుడు చాలడం లేదని అదే రోజు చెప్పాను, వినేవాళ్లు నా కింది ఉద్యోగులైనా, ఫోటో కోసం వచ్చినవాళ్లయినా సరే.