నానమ్మ ఆపేసిన కార్ల పందెం

నేను తిండిపోతునని మా బంధువుల్లో ఒక ముద్ర పడిపోయింది. ఎవరింటికెళ్ళినా, "ఈ పిల్లే కదండీ, కార్ల పందెంలో పెసరట్టు అయిపోయిందని అంతమంది ముందు ఏడ్చింది" అని పరిచయం చేస్తారు. డిగ్రీ అయింది, పీజీ అయింది... ఆ పరిచయం మాత్రం మారలేదు. ఏడ్చిన మాట నిజమే. ఏడ్చింది పెసరట్టు కోసం కాదు.

మా చిన్నప్పుడు... అంటే నేను ఐదో తరగతిలో ఉండగా, రామచంద్రపురంలో కొందరు పెద్దమనుషులకి పాత కార్ల పందెం పెట్టాలని బుద్ధి పుట్టింది. శనివారం కాలేజీ గ్రౌండులో ప్రదర్శన, ఆదివారం కాలవగట్టు రోడ్డు మీద పందెం. మొత్తం ఆరు కార్లు, ఆరూ తాతలనాటివే. అందులో ఒకటి మా పెదనాన్నది. ఆకుపచ్చ రంగు, గుండ్రటి దీపాలు... ముందు హేండిల్ పెట్టి తిప్పితేగానీ స్టార్టయ్యేది కాదు.

శనివారం జనం విరగబడి వచ్చారు. వచ్చినవాళ్ళు ఆ కార్లని సంతలో ఎడ్లని చూసినట్టు చూశారు. చుట్టూ తిరిగి, బానెట్ మీద చరిచి, టైరుని కాలితో తన్ని, వయసెంతండీ అని అడిగారు. ఒకాయనైతే పూటకి ఎంత తాగుద్దండీ అన్నాడు.

ఆ సాయంత్రమే పెదనాన్న నాకో మాటిచ్చారు. మన కారు ఫస్టొస్తే రామచంద్రపురంలో ఊరేగింపు ఉంటుంది, ముందు సీట్లో తన పక్కన కూర్చునేది నేనేనని. అన్నయ్యలకి కాదు... నాకు. వెంటనే వెళ్ళి గౌను ఇస్త్రీ చేయించేసుకున్నాను.

పందెం మా ఇంటి ముందునించే వెళ్తుంది. అదే కొంప ముంచింది.

ఆదివారం పొద్దున్నే గట్టు పొడుగునా జనం. మా ఎదురింటాయన ఏకంగా నవారు మంచం తెచ్చి వేసుకున్నాడు. కార్లు ఎటునించి వస్తాయో ఎవరూ చెప్పలేదు కాబట్టి, సగం మంది ఇటు, సగం మంది అటు చూస్తూ కూర్చున్నారు.

మా నానమ్మ మాత్రం పెరట్లో పొయ్యి వెలిగించింది. గుమ్మం ముందునించి ఆరుగురు మనుషులు వెళ్తుంటే ఏమీ పెట్టకుండా పంపడం ఆవిడ వంశంలో లేదు. పెసరపిండి రుబ్బించింది, గుండిగెడు ఉప్మా చేయించింది, ఆత్రేయపురం నించి పూతరేకులు తెప్పించింది. పందెంలో ఆగకూడదు అత్తయ్యా అని అమ్మ చెప్పబోయింది. రెండట్లు తినడానికి ఎంతసేపే అంది నానమ్మ.

పదిన్నరకి దుమ్ము లేచింది. ఆ దుమ్ములోంచి ముందుగా వచ్చింది... ఆకుపచ్చ కారు! నేను ఎదురింటాయన మంచమెక్కి గెంతాను. రెండో కారు ఇంకా వెనక కాలవ లాకుల దగ్గరే ఉంది. మా కారు వెనక సీట్లో ఎవరో ముసలాయన సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పక్క ఊరు వెళ్ళాలని చెయ్యెత్తితే పెదనాన్న ఎక్కించుకున్నారట.

నానమ్మ వెళ్ళి రోడ్డు మధ్యలో నిలబడింది.

"అమ్మా, ఇది పందెమే," అన్నారు పెదనాన్న తల బయటికి పెట్టి.

"కాదన్నానా? పొద్దుననగా బయల్దేరావు, మొహం చూడు ఎలా పీక్కుపోయిందో. దిగు."

పెదనాన్నకి అప్పటికే యాభై దాటాయి. ఊళ్ళో తగువులు తీర్చే మనిషి. దిగారు. ఇంజను కూడా కట్టేశారు, తల్లి మాట్లాడుతుంటే బడబడలాడకూడదని.

ఈలోపు రెండో కారొచ్చింది. అది వెళ్ళిపోతుందేమోనని నా ప్రాణం పోయినంత పనయింది. నానమ్మ దాన్నీ ఆపింది. సొంత కొడుక్కి పెట్టుకుని పరాయివాళ్ళని పంపేస్తే ఊళ్ళో తలెత్తుకోగలమా అని. తరవాత మూడోది, నాలుగోది, ఐదోది... ఒక్కరూ కాదనలేకపోయారు. ఐదుగురూ మా అరుగు మీద ఆకులేసుకుని కూర్చున్నారు. పందెం చూడ్డానికొచ్చిన జనమంతా గట్టు దిగి వచ్చి టిఫిన్లు చూశారు. ఎవరు ఎన్నో అట్టు మీదున్నారో వెనకున్నవాళ్ళకి పైకి చెప్పారు కూడా.

నా చేతికి ఉప్మా గిన్నె ఇచ్చారు. నేను ఆలోచించాను. అందరూ ఆగారు, మన కారే ముందుంది... పెదనాన్న ముందు లేస్తే చాలు. అందుకని ఆయనకి చెంచాడు వేసి, మిగతా నలుగురికీ గరిటెలకి గరిటెలు గుమ్మరించాను. ఇంత చిన్నపిల్లకి ఎంత మర్యాదో అని నలుగురూ మెచ్చుకున్నారు.

అప్పుడొచ్చింది ఆరో కారు... దగ్గుతూ, ఆగుతూ. భీమవరం నించి వచ్చిన లెక్చరర్ గారిది. దారిలో రెండుచోట్ల జనమే తోశారట. నానమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. ఆయన స్టీరింగ్ వదిలేసి రెండు చేతులూ జోడించారు.

"ఏమీ అనుకోకండమ్మా... ఆదివారం నాకు ఉపవాసం అండి."

నానమ్మ మొహం మారిపోయింది. "అయ్యో, వెళ్ళిరండి బాబూ. ఒరేయ్, దారివ్వండర్రా, ఉపవాసమున్న మనిషికి అడ్డం పడకూడదు," అని తనే పక్కకి జరిగి దణ్ణం పెట్టింది.

నేను గిన్నె కింద పెట్టి పెదనాన్న భుజం పట్టుకుని ఊపేశాను. కాఫీ తాగనీ తల్లీ అన్నారు. ఆయన తాగి, చెయ్యి కడుక్కుని, హేండిల్ తిప్పేసరికి కారు ఉలకలేదు. ఇరవైసార్లు తిప్పారు. వెనకవాళ్ళ కార్లు స్టార్టయ్యాయి, కానీ టిఫిను పెట్టిన ఇంటివాళ్ళ కారుని దాటి ఎలా వెళ్తామండీ అని నలుగురూ ఇంజన్లు ఆపుకుని కూర్చున్నారు.

లెక్చరర్ గారు ఫస్టొచ్చారు. ఊరేగింపులో ఆయన పక్క సీటు ఖాళీగానే వెళ్ళిందట.

నేను అరుగు మీద కూర్చుని గిన్నె ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాను. గిన్నె ఖాళీ, పెసరపిండి ఖాళీ... చూసినవాళ్ళు చూసినట్టు ఒక నిర్ణయానికొచ్చేశారు. నానమ్మ పాపం మళ్ళీ పిండి రుబ్బించి నాకోసం మూడట్లు పోసింది. తిన్నాను. బావున్నాయి కూడా... అదీ నా ఖర్మ.

ఇప్పుడు ఆ గట్టు రోడ్డు వెడల్పు చేశారు. కార్లు అద్దాలెత్తుకుని రివ్వున పోతున్నాయి, లోపలెవరో కూడా తెలీదు. రోడ్డుకి అడ్డంగా నిలబడే నానమ్మా లేదు... నిలబడినా దిగేవాళ్ళు ఉంటారనుకోను. పడవలదో ఎడ్లదో, మీరూ చిన్నప్పుడు ఏదో ఒక పందెం గట్టు మీద కూర్చుని చూసే ఉంటారు. ఎవరు గెలిచారో వద్దు, మీరెందుకు ఏడ్చారో రాయండి.

వచ్చే నెల రాజమండ్రిలో పాత కార్ల పందెం ఉంది. పెదనాన్న కారు షెడ్డులోంచి తీయించి బాగుచేయించాను. పందెం దరఖాస్తులో నడిపేవారి పేరు దగ్గర నా పేరు రాశాను. ఇంట్లోవాళ్ళంతా చూడ్డానికొస్తామంటున్నారు, దారిలో కేరేజీ పట్టుకుని నిలబడతామంటున్నారు.

నేను ఆపను.