రేర్ అన్న చీటీ

ఆత్మకూరు బస్సులో నా పక్కన కూర్చున్న ఉదయగిరి అవ్వ సంచిలోంచి తను చేసిన చెక్క గరిటె తీసి, దాన్ని కొనే కొట్టాయన అంటించమన్న ఇంగ్లీషు చీటీ చూపించింది. "ఏం రాసుండాది నాయనా?"

"రేర్ అని. అంటే వందలో ఒకటో రెండో దొరికేది."

"మా ఊరి రాత్రి బస్సును గూడా ముందు రేర్‌గా వస్తాదన్నారు. తర్వాత ఆ బస్సునే తీసేసినారు. దినానికి పన్నెండు చేస్తా, నేనెట్టా రేరు?"

"విలువైనదని కూడా అర్థముంది అవ్వా."

"అయితే ఆ మాటే రాయమను." గోరుతో చీటీ గీకేసింది.

"కొట్టాయన తీసుకోకపోతే?"

"సంతకు పోయి కూర్చుంటా. కాళ్లు లేవా?"

సంచిలో చీటీలంటించిన గరిటెలు మొత్తం నలభై. ఆత్మకూరులో బస్సు ఖాళీ అయ్యేసరికి ఇద్దరం కలిసి ముప్పై ఒక్క చీటీలు గీకాం. కండక్టర్ దిగమంటున్నా, మిగిలిన తొమ్మిదీ పూర్తిచేశాకే లేచాం.